కావలిలేని కంప్యూటరు, తనకుతానే పడు తెర



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములందలి గ్రామములలో గుంటెడు భూమి గల ప్రతి కుటుంబమునకును నేడు కంప్యూటరుతో సంబంధము కలదు. ఆ యింట నెవరును దానిని చేతితో ముట్టియుండకపోవచ్చును. అయినను వారి సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు దానియందే యున్నవి. కాగితముమీది పేరును కాపాడుకొను విధము మన పెద్దలకు తరతరములనుండి తెలిసినదే. తెరమీది పేరును కాపాడు విధము క్రొత్తది. అందులో ఒక చిన్న ముక్కను నేటి ప్రసంగమునకు తీసికొనుచున్నాను. పనిచేయువాడు కుర్చీ విడిచి లేచిపోయినపుడు కంప్యూటరు తెర కొంతసేపటికి తనకుతానే మూసికొనును. అతడు తిరిగివచ్చి పాస్‌వర్డు కొట్టినగాని తెఱచుకొనదు. చూచుటకు అల్పమైన యేర్పాటు. కాని దీని వెనుక అరువది యేండ్ల చరిత్ర యున్నది. ఆ చరిత్రలో మన జిల్లాకును పాలున్నది.

కావలి లేని సొత్తును కాపాడుటకు పూర్వులు రెండుపాయములు వాడిరి. ఒకటి తాళము, రెండవది ముద్ర. తాళము పరుని చేతిని ఆపును. ముద్ర ఆపదు, చేయి పడినదని మాత్రము చెప్పును. సర్కారు భాగమును ధాన్యరూపమున చెల్లించు దినములలో కళ్ళమున రాశి పోసిన పిదప దానిమీద తడిమట్టితోనో బూడిదతోనో కొయ్యముద్రలు వేసి రాత్రికి విడిచిపోవుట మన దేశమున పలుచోట్ల నున్న యాచారము. తెల్లవారి వచ్చి ముద్ర చెదరినదా లేదా యని చూచుకొందురు. హైదరాబాదు రాజ్యమున మొదటి సాలార్‌జంగు 1865 ప్రాంతమున జిల్లాలను తాలూకాలను ఏర్పరచి, రొక్కపు శిస్తును వ్యాపింపజేసిన తరువాత, రాశిమీది ముద్రకంటె కాగితముమీది ముద్రకు విలువ హెచ్చెను. ఖజానాకు జోడుతాళము వచ్చెను: గది యొకటి, తాళములు రెండు, తాళపుచెవులు ఇద్దరి యొద్ద. ఒకడు లేనిదే రెండవవాడు లోనికి పోలేడు.

భూమి దస్త్రముల సంగతి వేరు. సేత్వారు, పహాణీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఇవన్నియు మీకు పరిచితమైన పేర్లే. గ్రామపు లెక్కలు చాలకాలము పట్వారి యింటనే యుండెను. వాటికి జోడుతాళము లేదు; ఒక పెట్టె, ఒక మూట, ఒక మనుష్యుడు. ఆ మనుష్యుని మంచిచెడ్డలను బట్టి గ్రామపు మంచిచెడ్డలు నడచెననుట అతిశయోక్తి కాదు. 1984వ సంవత్సరమున పటేలు, పట్వారీ పదవులు రద్దయినవి. అయినను ఆ పాత పద్ధతికి ఒక గుణముండెనని ఒప్పుకొనక తప్పదు. పట్వారి పెట్టె తెఱచియుంచి ఊరిమీదికి పోయినపుడు మరియొకడు చేరి ఒక పేరు చెరిపి వేరొక పేరు వ్రాసెననుకొందము. సిరా రంగు వేరగును. అక్షరపు వాలు వేరగును. గీకిన చోట కాగితము పలుచబడును. దస్తూరీ యెవరిదో ఊరిలో నలుగురు గుర్తింపగలరు. కోర్టులో ఆ కాగితమును దీపమునకు ఎదురుగా పట్టి చూడగలరు.

కంప్యూటరు వ్రాతకు దస్తూరీ లేదు. ఎవరు మీట నొక్కినను అక్షరము ఒక్కతీరుననే పడును. అది గుర్తుంచుకొనునది ఒక్కటే: ఈ పూట ఎవరి పేరున తలుపు తెఱువబడినది అని. ఉదయము పది గంటలకు ఒక యుద్యోగి తన పేరు, పాస్‌వర్డు కొట్టి లోనికి పోయెను. పదిన్నరకు టీ త్రాగుటకు లేచిపోయెను. పావు తక్కువ పదునొకండింటికి ఎవరో ఆ కుర్చీలో కూర్చుండి ఏమి చేసినను, యంత్రము దానిని ఆ యుద్యోగి ఖాతాననే వ్రాయును. అబద్ధమాడవలెనని కాదు, దానికి తెలిసినది అంతియే. తప్పు జరిగిన రైతునకు నష్టము, చేయనివానికి నింద, చేసినవాని జాడ లేదు. తెర తనకుతానే మూసికొను ఏర్పాటు ఈ నడిమి పావుగంటకై పుట్టినది.

పాస్‌వర్డు కథతో మొదలుపెట్టవలెను. 1961వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కోర్బాటో అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో గూడి ఒకే కంప్యూటరును పలువురు ఒకే సమయమున వాడుకొను పద్ధతిని నడిపి చూపెను. అప్పటి కంప్యూటరు గదినిండ నుండు యంత్రము. దాని వెల అపారము. ఒక చెఱువునుండి పలు తూములకు నీరు వదలినట్లు దాని కాలమును పలువురకు పంచిరి. ఎవరి దస్త్రములు వారికి వేరుగా నుండవలెను గనుక ఒక్కొక్కరికి ఒక రహస్యపదము నిచ్చిరి. కంప్యూటరునకు పాస్‌వర్డు పెట్టుట అప్పటినుండి యని సాధారణముగా చెప్పుదురు. మరుసటి యేడే దానికి గండి పడినది. అలన్ షెర్ అను పరిశోధకునకు వారమునకు నాలుగు గంటల కాలము మాత్రమే లభించెడిది, పనికి చాలలేదు. అతడు అందరి పాస్‌వర్డులున్న దస్త్రమును అచ్చువేయించుకొని, ఇతరుల పేర లోనికి పోయి పని చేసికొనెను. పాతికేండ్లకు గాని ఆ మాట బయటపెట్టలేదు. 1966లో మరియొక చిత్రము జరిగినది. ఒక పొరపాటువలన రెండు దస్త్రములు తారుమారై, లోనికి వచ్చిన ప్రతివానికిని ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డుల పట్టికయే కనబడెను! దండోరా వేయువాడు ఊరి తాళపుచెవుల గుత్తిని చావడిలో వ్రేలాడదీసినట్లయినది.

ఈ లోపములను క్రమముగా సరిదిద్దిరి. కాని పాస్‌వర్డు ఎంత గట్టిదైనను అది గడపయొద్ద ఒక్కసారి అడుగు ప్రశ్న. "నీవెవరవు?" అని అడుగును. లోనికి వచ్చినవాడు ఇంకను ఉన్నాడా, లేచిపోయెనా యని అది మరల అడుగదు. ఈ రెండవ ప్రశ్నను యంత్రముచేత అడిగించుటకు మరి యిరువది యేండ్లు పట్టెను.

మొదట దానిని మనుష్యునికే విడిచిరి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు 1979 చివర వెలువరించిన యూనిక్స్ కూర్పులో "లాక్" అను ఆజ్ఞ యొకటి యుండెను. లేచిపోవువాడు ఆ మాట కొట్టి, తాత్కాలికముగా ఒక పాస్‌వర్డు పెట్టి పోవును. తిరిగివచ్చి అదే కొట్టువరకు తెర ఎవరికిని లొంగదు. మంచి యుపాయమే. అయితే పెట్టె మూయుట మఱచిపోవువాడు ఆ యాజ్ఞ కొట్టుటయు మఱచిపోవును గదా. జాగ్రత్తపరునకు తాళము దొరికినది. అజాగ్రత్తపరుని సంగతి అట్లే యుండెను.

తనకుతానే పడు తెర మాత్రము దొంగకు భయపడి పుట్టినది కాదు. ఇది నాకు మిక్కిలి వింతగా తోచు సంగతి. ఆ దినములలోని కంప్యూటరు తెరలు పాత టెలివిజనువలె గాజుబుడ్డితో చేసినవి. లోపలి పూత ఎలెక్ట్రానులు తగిలి వెలుగును. ఒకే అక్షరములు గంటలకొలది ఒకే చోట నిలిచియున్నచో ఆ పూత అక్కడ కాలి, యంత్రము నాపినను ఆ యక్షరముల నీడ గాజుమీద చెరగక నిలిచిపోవును. అటారీ అను ఆటల కంప్యూటరు 1979లోనే కొంతసేపు ఎవరును ముట్టనిచో తెర రంగులు మార్చుకొనెడిది. 1983 డిసెంబరులో జాన్ సోచా యనునతడు ఐ.బి.యం. కంప్యూటరులకు ఒక చిన్న కార్యక్రమమును వ్రాసి ఒక పత్రికలో ప్రకటించెను. మూడు నిమిషములు మీట నొక్కనిచో అది తెరను చీకటి చేయును. మీట నొక్కగానే వెలుగు వచ్చును. రహస్యము లేదు, పాస్‌వర్డు లేదు. గాజును కాపాడుటయే దాని పని. కాని దీనియందు ముఖ్యమైన యూహ యొకటి ఇమిడియున్నది. మనుష్యుడు లేడను సంగతిని యంత్రము తనంతట కనిపెట్టగలదని దీనివలన తేలినది. కనిపెట్టు విధము కడు సులువు: కడపటి మీట యెప్పుడు పడినదో గుర్తుంచుకొని, అప్పటినుండి క్షణములు లెక్కించుట. మరల మీట పడినచో లెక్క సున్నకు వచ్చును. గడువు నిండినచో తెర పడును.

ఆ చీకటి తెరకు పాస్‌వర్డు తగిలించుట తరువాతి మెట్టు. 1992లో వెలువడిన విండోస్ 3.1లో ఈ సదుపాయము వచ్చినది. అదే సంవత్సరమున యూనిక్స్ యంత్రములకై జేమీ జావిన్‌స్కీ తన "ఎక్స్‌స్క్రీన్‌సేవర్" అను కార్యక్రమమును వెలువరించెను. మొదటి తెరలలో కొన్ని పేరునకే తాళములు. విండోస్ 95లో ఆ తెర పడియున్నపుడు యంత్రము నాపి మరల నడిపినచో తెర తొలగిపోయెడిది. గోడ లేని వాకిటికి తాళము వేసినట్లు. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. అట్లు కాదు. అందులో తాళము తెరకు గాక యంత్రపు మూలవ్యవస్థకే వేయబడినది. 2000లో వచ్చిన కూర్పులో మరియొక మార్పు జరిగినది. కార్యాలయపు కంప్యూటరులన్నిటికిని గడువు ఎంత యుండవలెనో పైనుండు నిర్వాహకుడే ఒక్కచోటనుండి నిర్ణయింపగలిగెను. కుర్చీలో కూర్చున్నవానికి ఇష్టము లేకపోయినను తెర పడక మానదు. నా యుద్దేశమున ఈ చరిత్రలో పెద్ద మలుపు ఇదియే. జాగ్రత్త యనునది వ్యక్తి గుణముగా నుండుట మాని కార్యాలయపు కట్టుబాటైనది.

దూరదేశపు కథ చెప్పుచు మన వాకిటి కథ మఱువరాదు. 1967 ఏప్రిలులో హైదరాబాదు వెలుపల కుషాయిగూడ ప్రాంతమున ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషన్, మనమందరము ఇ.సి.ఐ.ఎల్. అని పిలుచు సంస్థ, స్థాపింపబడెను. 2016లో జిల్లాలు పునర్విభజన యైనపుడు ఆ ప్రాంతము మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరినది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లునకు చెందిన అయ్యగారి సాంబశివరావు దానికి మూలపురుషుడు. ఆయన పేరనే ఏ.ఎస్. రావు నగరము వెలసినది. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.–12 అను కంప్యూటరు 1969లో ఇక్కడ తయారైనది.

ఆ సంస్థ తయారుచేయు మరియొక యంత్రమును మీరందరును వ్రేలితో నొక్కియున్నారు. ఎన్నికల సంఘము 1977లో ఓటు యంత్రమును గూర్చి ఈ సంస్థతో మాటలాడగా 1979లో నమూనా సిద్ధమైనది. 1982 మే 19న కేరళలోని పరవూరు నియోజకవర్గమున 50 పోలింగు కేంద్రములలో యంత్రములను మొదటిసారి వాడిరి. చట్టమున అందుకు వీలు లేదని 1984లో సుప్రీము కోర్టు ఆ ఓటింగును కొట్టివేయగా, 1988లో చట్టమును సవరించిరి. ఈ యంత్రము నడచు తీరును మన ప్రసంగమునకు సరిపోల్చి చూడుడు. అధికారి తన యొద్దనున్న పెట్టెమీది మీట నొక్కినగాని ఓటరు యెదుటి పెట్టె తెఱచుకొనదు. ఓటు పడి కూత వినబడగానే అది మూసికొనును. తరువాతి ఓటరునకై అధికారి మరల మీట నొక్కవలెను. పోలింగు ముగిసిన పిదప ముగింపు మీట నొక్కినచో ఇక ఒక్క ఓటును పడదు. అనగా ఈ యంత్రమునకు మూసియుండుటయే సహజస్థితి. తెఱచుకొనుట ఒక్క క్షణపు అనుమతి. కచేరిలోని కంప్యూటరు ఇందుకు తలక్రిందులు. ఒకసారి తెఱచినచో మూయువఱకు తెఱచియే యుండును. అందుచేతనే దానికి గడువు పెట్టవలసివచ్చినది.

మన ప్రాంతపు భూమి లెక్కలు యంత్రమున కెక్కిన క్రమమును క్లుప్తముగా చెప్పుదును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములలో "కార్డ్" అను కంప్యూటరు పద్ధతి ప్రారంభమైనది. 2011లో మీసేవ వచ్చినది. 2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ క్రొత్త పాసుపుస్తకముల చట్టమును ఆమోదించినది. గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దయినవి. అదే సంవత్సరము అక్టోబరు 29న శామీర్‌పేట ప్రాంతపు మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు ధరణిని ప్రారంభించిరి. నవంబరు 2నుండి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహశీల్దారు కార్యాలయములలోనే జరుగసాగెను. తహశీల్దారు జాయింటు సబ్‌రిజిస్ట్రారు కూడ నయ్యెను. ధరణి మంచిచెడ్డలపై గ్రామములలో జరిగిన వాదములు మీరెరుగుదురు. అవి ఈ ప్రసంగమునకు విషయము కావు. 2025 ఏప్రిలు 14న దాని స్థానమున భూభారతి ప్రారంభింపబడెను.

పేర్లు మారినను కుర్చీ యొక్కటే. పూర్వము పట్వారి, తహసీలు, రిజిస్ట్రారు కచేరి అని మూడుచోట్ల నడచిన పని ధరణితో ఒక గదిలోనికి, ఒక తెరమీదికి వచ్చినది. త్రోవ తగ్గినది, తిరుగుడు తగ్గినది. దానితోపాటు ఆ యొక్క తెర తెఱచియుండిపోయినచో కలుగు ప్రమాదమును పెరిగినది. జోడుతాళపు ఖజానాలో ఇద్దరు మఱవవలెను. ఇచ్చట ఒక్కడు మఱచిన చాలును.

చట్టము ఈ సంగతిని పట్టించుకొనకపోలేదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమున 42వ విభాగము డిజిటలు సంతకము గల ప్రతివాడును తన రహస్యకీలకమును తన యధీనమున నుంచుకొనుటకు తగు జాగ్రత్త పడవలెనని విధించుచున్నది. ఆ సంతకము సాధారణముగా వ్రేలెడంత పరికరమున నుండును. దానిని కచేరిలో డోంగిలందురు. 2008లో సవరింపబడి 2009 అక్టోబరు 27నుండి అమలునకు వచ్చిన 66–సి విభాగము ప్రకారము మోసబుద్ధితో ఇతరుని పాస్‌వర్డునుగాని డిజిటలు సంతకమునుగాని వాడినవానికి మూడేండ్లవఱకు శిక్ష, లక్ష రూపాయలవఱకు జుల్మానా కలదు. కాని వాడినవాడెవడో తెలిసినగాని శిక్ష పడదు. ఆ తెలియుటయే కష్టమని ముందే చెప్పితిని.

ఇక గడువు ఎంత యుండవలెను? లోకమంతట తర్కము ఇక్కడనే. బ్యాంకు కార్డుల చెల్లింపుల భద్రతకై యేర్పడిన అంతర్జాతీయ నియమావళి 15 నిమిషములు కదలిక లేనిచో మరల పాస్‌వర్డు అడుగవలెనని చెప్పును. తన గదిలో ఒంటరిగా పనిచేయువానికి అది సరిపోవును. పదిమంది కౌంటరుమీద వంగి నిలుచు చోట 15 నిమిషములు దీర్ఘకాలమే. ఒక పేరు మార్చుటకు అంత సేపు పట్టదు. అట్లని గడువును ఒక్క నిమిషమునకు దింపినచో పాత పహాణీలో ఒక సర్వే నంబరును వెదకి చదువుకొను లోపల తెర పడును. పనివాడు విసుగుచెంది దానిని తప్పించు మార్గము వెదకును. మౌసును ఊరక కదలించుచు మనుష్యుడున్నట్లు యంత్రమును నమ్మించు చిన్న పరికరములు బజారులో దొరకుచున్నవి! చేనిలోని దిష్టిబొమ్మ పక్షులను భ్రమింపజేయునట్లు ఇది కంప్యూటరును భ్రమింపజేయును. కౌంటరు గల కచేరికి నాలుగైదు నిమిషములు తగునని నాకు తోచుచున్నది. దానితోపాటు లేచునపుడు చేతితో మూయు అలవాటు కూడ నుండవలెను. విండోస్ గుర్తు గల మీటను "ఎల్" అక్షరముతో కలిపి నొక్కినచో తెర వెంటనే మూసికొనును. 2001నుండి ఈ సులువు కలదు.

తెర పడినచో చేసిన పని పోవునని కొందరు ఆపరేటరులు భయపడుదురు. అది సరికాదు. తెర వెనుక పని ఎక్కడ నిలిచినదో అక్కడనే యుండును. అచ్చువేయుచున్న కాగితము అచ్చగుచునే యుండును. భూమి లెక్కల వెబ్‌సైటు తన గడువును తాను వేరుగా లెక్కించుకొని బయటికి పంపివేయుట మరియొక సంగతి; ఆ రెంటిని కలిపి చూచుటవలన ఈ భయము పుట్టినది.

తెరకు చేతకాని పనులును కలవు. పాస్‌వర్డును కాగితముమీద వ్రాసి యంత్రమునకే అంటించినచో తెర యేమి చేయును? ఒకే పాస్‌వర్డును నలుగురు వాడుకొనుచోట తిరిగివచ్చినవాడు నలుగురిలో ఎవడో దానికెట్లు తెలియును? డోంగిలును యంత్రమునకే తగిలించి భోజనమునకు పోయినవాడు తాళమునకే తాళపుచెవిని విడిచిపోయినవాడు. కౌంటరు ఇవతల నిలిచిన రైతునకు ఇవన్నియు కంటికి కనబడు సంగతులే. తన పని నడుచుచుండగా ఆపరేటరు లేచిపోయి, ఆ కుర్చీలో వేరొకడు కూర్చుండి మీటలు నొక్కినచో "అయ్యా, తమరెవరు?" యని మర్యాదగా నడుగుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

గడువు లెక్కించు పద్ధతి మీట పడుటనే చూచును గాని మనుష్యుని చూడదు. ఈ లోపమును తీర్చుటకు 2017లో విండోస్ 10లో ఒక క్రొత్త యేర్పాటు చేసిరి. పనివాని జేబులోని ఫోనునకును కంప్యూటరునకును తీగలేని సంబంధము కలుపుదురు. అతడు లేచి దూరముగా పోయి ఆ సంబంధము తెగినచో, కొలదిసేపటికే తెర దానంతట మూసికొనును. ఫోను లేక బయటికి కదలనివారి కాలమిది గనుక ఈ యూహ బాగుగానే యున్నది. అయితే ఆ ఫోను చార్జింగునకు బల్లమీదనే పెట్టి పోయినచో, మనుష్యుడు అచ్చటనే కూర్చున్నాడని కంప్యూటరు నమ్ముచునే యుండును.